శానిటోరియం ముద్ర పడని ఉత్తరాలు

మదనపల్లె,
9 మార్చి 2025, ఆదివారం

మెర్లినమ్మా,

ప్రభువు దయ వల్ల నేనూ మీ వదినా బాగున్నాం. మంగళవారం మందులు తీసుకొని పోయినదానివి, కుప్పం చేరినట్టు ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకున్నావు. ఈ సంగతులు ఫోనులో మాట్లాడకూడదని మనమే పెట్టుకున్న నియమం కాబట్టి నేనూ ఊరుకున్నాను. శనివారం బెంగళూరు నుంచి ఇంటికొస్తే నీ కూతురు హర్షిత నీ ఫోను తీసి చూస్తుందని నీకు భయం. నేను ఫోను మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుందని మీ వదిన సతాయింపు. పోస్టాఫీసులో ఇన్‌లాండు కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఎవరికి తాతా?" అంది. "మా చెల్లెలికి" అన్నాను. "ఆయమ్మకు ఫోను లేదా?" అంది. ఉంది, కాని దాని చుట్టూ శానా చెవులున్నాయని చెప్పలేదు.

అసలు విషయానికొస్తాను. మందులిచ్చే సెంటర్లో డాక్టరమ్మ చెప్పింది నువ్వు సగమే విన్నావు. బస్సు పోతుందని నీ కాళ్లు వాకిట్లో, ఒళ్లు కుర్చీలో. మిగతా సగం నేను విన్నాను. నీ వైరస్ అణిగే ఉంది, మందులు బాగా పనిచేస్తున్నాయి. కాని అది అణిగున్నా ఒంట్లో లోలోపల సన్న మంట రగులుతూనే ఉంటుందట. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మంటకు గుండె రక్తనాళాలు పాడవుతాయి. మామూలు మనుషులకంటే ఈ జబ్బున్నవాళ్లకు గుండెపోటు భయం రెండింతలంట. అందుకే నలభై దాటినవాళ్లకు కొలెస్ట్రాల్ మరీ ఎక్కువ లేకపోయినా దాన్ని తగ్గించే మాత్ర ఇస్తున్నారు. ఆయమ్మ నాతో ఏమన్నదో తెలుసా? "ఇన్నేండ్లూ వీళ్లను బతికించేదానికి సూస్తిమి సార్. ఇప్పుడు ముసలోళ్లను చేసేదానికి సూస్తాండాం." నాకు ఆ మాట భలే నచ్చింది. నిన్ను నెరిసిన జుట్టుతో, ఊడిన పళ్లతో చూడాలని నాకూ ఉంది.

ఆ కొత్త మాత్ర రోజూ వేసుకుంటున్నావు కదా? ఒక్క ముక్క రాయి.

పొద్దున చర్చి నుంచి వస్తూ శానిటోరియం రోడ్డు వైపు చూశాను. అప్పట్లో నీకు ఏడేళ్లు, నాకు పద్దెనిమిది. నాయన అక్కడ వంటవాడు. టీబీ రోగులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు నాయన సంచిలో వేసి ఇస్తే మనిద్దరం టౌను పోస్టాఫీసు దాకా నడిచిపోయి వేసేవాళ్లం. శానిటోరియం ముద్ర పడితే ఊళ్లో వాళ్ల పరువు పోతుందని. "ఎవురన్నా అడిగితే మీ ఉత్తరాలే అని చెప్పండి" అనేవాడు నాయన. ఒక రోజు నువ్వు దారిలో కూర్చుని, "అన్నా, ఇన్ని ఉత్తరాలు మనకెవురు రాస్తారప్పా?" అని దిగులుపడ్డావు. నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ముక్క రాయడం మరువకు.

నీ అన్న,
శాలేము రాజు


కుప్పం,
21 మార్చి 2025

అన్నకు వందనాలు.

నీ ఉత్తరం చదివితే ల్యాబు ఉద్యోగం నుంచి రిటైరైనా నీ నోటికి రిటైర్మెంటు రాలేదని తెలిసింది. అంత పెద్ద ఉపన్యాసానికి నా జవాబు చిన్నది. ఆ మాత్ర నేను మొదలుపెట్టలేదు.

కోప్పడక ముందు విను. పెద్ద మందుల సీసాలకైతే నాకు ఒక పద్ధతుంది. తిరుగు దారిలో పుంగనూరు బస్టాండులో పలమనేరు బస్సుకు కాచుకున్నప్పుడు, సులభ్ మరుగుదొడ్ల పక్కన బెంచీ మీద కూర్చుని, సీసాల మీది కాగితం గోరుతో గీకి తీసేస్తాను. పంతొమ్మిదేళ్లుగా అదే బెంచీ. కాగితాన్ని సన్నగా చించి రెండు చెత్తబుట్టల్లో వేస్తాను. ఇంటికి వచ్చేసరికి అవి ఉత్త తెల్ల సీసాలు. "ఏం మందులమ్మా?" అంటే "రక్తం పట్టేదానికి" అంటాను. కాని ఈ కొత్త మాత్రలు రేకుల్లో వచ్చాయి. రేకు మీదంతా పేరు అచ్చేసి ఉంది. గీకితే పోదు. హర్షిత ఆ పేరు ఫోనులో కొట్టి చూస్తుంది.

"కొలెస్ట్రాల్ మాత్ర దాచేదేముంది, సగం ఊరు మింగుతోంది" అంటావు. నాకు తెలుసు. కాని హర్షిత అడుగుతుంది: ఎండుచేపలాగుండావు, నీకు కొలెస్ట్రాల్ ఎట్లొచ్చె? యాడ పరీక్ష చేసిరి? కుప్పంలో ఇన్ని ఆసుపత్రులుంటే మదనపల్లెకు యాల పోతివి? ఒక్క దారప్పోగు లాగితే చీరంతా ఊడొస్తుంది అన్నా. దానికి వాళ్ల నాయన టీబీతో పోయినాడనే తెలుసు. గ్రానైటు లారీ స్టీరింగు పట్టుకొని నవ్వుతున్న ఆయన ఫోటో దాని ఫోనులో ముందు బొమ్మ. ఆ ఫోటోను నేను ఎట్లా చెరపాలి?

ఇంకో మాట. మా హాస్టలు వంటింట్లో నేను వండేది నూటముప్పై మంది ఆడపిల్లలకు. వండేదానికి ఈ జబ్బుందని తెలిస్తే ఆ పిల్లల తల్లిదండ్రులు ఒక పూటైనా ఊరుకుంటారా?

నేను బాగానే ఉన్నాను. ఈ మధ్య అన్నం డేక్సా దించేటప్పుడు రొమ్ము నడుమ మంట, ఎడమ దవడ లాగినట్టు ఉంటోంది. కాసేపు కూర్చుంటే పోతుంది. నాతో వంట చేసే పాపక్క సోంపు, జీలకర్ర నీళ్లు ఇస్తోంది. గ్యాసు. ఈస్టరు ముందు శ్రమల దినాల ఉపవాసాలు కూడా కదా.

నాయన వంటిల్లు తలచుకుంటే నాకు ఉడుకు పాల వాసనే గుర్తొస్తుంది. రోగులకు పాలు పోసి, గిన్నె అడుగున మిగిలిన మీగడ నాకు వేలితో నాకించేవాడు. అక్కడి రోగుల కంచాలకు ఎర్రరంగు చుక్క ఉండేది, నీకు గుర్తుందా? నాయన మాత్రం చుక్క ఉన్న కంచమే తీసుకొని వాళ్ల మధ్య కూర్చుని తినేవాడు.

ఉంటాను. వదినకు వందనాలు.

చెల్లెలు మెర్లిన్


మదనపల్లె,
2 ఏప్రిల్ 2025

మెర్లినూ,

నీ ఉత్తరం చదివి చెంపలేసుకోవాలో నీ చెంప వాయించాలో తెలియలేదు. బరువెత్తితే రొమ్ము నడుమ మంట, దవడ లాగడం, కూర్చుంటే తగ్గడం. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసినవాణ్ణి. అది గ్యాసు కాదమ్మా. జీలకర్ర గుండెకు పనిచేస్తే డాక్టర్లంతా కిరాణా కొట్లు పెట్టుకునేవాళ్లు. వెంటనే ఈసీజీ తీయించుకో. ఉపవాసం కూడా ఆపు. ఖాళీ కడుపున ఆ మందులు మింగితే దేవుడేమీ సంతోషపడడు.

మాత్ర రేకు సంగతి మీ వదినకు చెబితే నవ్వింది. "కత్తెరతో కత్తిరించి ఆ సీసాలోనే వేసుకోమను" అంది. ఆ ఆలోచన నీకు రాలేదంటే నేను నమ్మను. నీకు మాత్ర వేసుకునే మనసు లేదు, అంతే.

ఒక మంచి కబురు. ఆదివారం హర్షిత వచ్చింది! ఆఫీసు స్నేహితులతో హార్స్లీ హిల్స్ వెళ్తూ, వాళ్లను పైకి పంపి ఇక్కడ దిగింది. గేటు తీసి "మామా!" అని పిలిస్తే నాకు నువ్వే వచ్చినట్టనిపించింది. మీ వదిన చింతచిగురు పప్పు, సంగటి చేసింది. ముద్దలు తానే కలిపి నోట్లో పెట్టింది. పిల్ల ముచ్చట్లలో ఉండి ఎన్ని తిన్నదో దానికే తెలియదు. పోయేటప్పుడు గేటు దగ్గర నన్ను అడిగింది. "మామా, మాయమ్మ మూడు నెల్లకొకసారి ఈడికి యాల వస్తాది?" "అన్నను సూసేదానికి రాదామ్మా?" అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. తెలివైన పిల్ల. నువ్వే కూర్చోబెట్టి చెబితే బాగుండునని నాకు అనిపిస్తుంది. అది నీ ఇష్టం.

ఈసీజీ రిపోర్టు జిరాక్సు పంపు.

అన్న


కుప్పం,
10 ఏప్రిల్ 2025

శాలేమన్నకు,

దానికి ఏం చెప్పావు? నిజం రాయి.

అది ఎన్నడూ లేనిది మదనపల్లెలో ఎందుకు దిగింది? మూడు నెలల లెక్క దానికి ఎవరిచ్చారు? శనివారం ఇంటికి వచ్చి నా మొహమే చూస్తూ కూర్చుంది. "మ్మా, నాకేమన్నా చెప్పల్లనా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. "సరే" అని లేచి పోయింది. ఇది నీ పనే. లేదంటే వదిన పని. "నువ్వే కూర్చోబెట్టి చెబితే బాగుండు" అని రాశావే, నేను చెప్పనని తెలిసి నీవే చెప్పేశావు. పంతొమ్మిదేళ్లు నేను గోళ్లు అరగదీసుకొని కాపాడింది ఒక్క పూట సంగటితో తెరిచి పెట్టారు.

వదిన ముద్దలు కలిపి పెట్టిందా? సంతోషం. నా బిడ్డ తిన్నది. నా బిడ్డకు జబ్బు లేదు కదా.

ఈసీజీ, ఊదుబత్తి ఏమీ వద్దు. ఇక ఉత్తరాలూ వద్దు.

మెర్లిన్


మదనపల్లె,
27 ఏప్రిల్ 2025

మెర్లిన్‌కు,

ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. నేను హర్షితకు ఒక్క మాట చెప్పలేదు. మీ వదినా చెప్పలేదు. బైబిలు మీద చెయ్యి పెట్టి రాస్తున్నాను. దానికి ఇరవై నాలుగేళ్లు, కళ్లున్నాయి, బుద్ధుంది. మూడు నెలల లెక్క కట్టడానికి నా సాయం దానికెందుకు?

ఈస్టరు రోజు నీ ఫోను వస్తుందని కూర్చున్నాను. రాలేదు. నేను చేస్తే హర్షిత తీసి, "మాయమ్మ చర్చికి పోయింది మామా" అంది. వెనక నీ గొంతు వినిపిస్తూనే ఉంది.

నీకు కోపం వస్తే నన్ను తిట్టు. నీ గుండె మీద మాత్రం కోపం తీర్చుకోవద్దు. జూన్ మొదటి వారం మందులకు వస్తావు కదా, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. బేనీషా మామిడి పండ్లు తెప్పించి ఉంచుతాను.

అన్న శాలేము రాజు


కుప్పం,
6 జూలై 2025, ఆదివారం

అన్నా,

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. జూన్ మూడున మదనపల్లె వచ్చి, మందులు తీసుకొని, మీ వీధి ముందునుంచే ఆటోలో పోయాను. నువ్వు బయట కుర్చీ వేసుకొని బస్టాండు వైపు చూస్తూ కూర్చున్నావు. దిగలేదు. పుంగనూరు దాకా ఏడుస్తూనే పోయాను. పక్కన కూర్చున్నామె ఎవరైనా పోయారా అని అడిగింది.

ఇప్పుడు రాస్తున్నది వేరే గతి లేక. పోయిన సోమవారం పొద్దున వంటింట్లో సాంబారు దించుతూ పడిపోయాను. కాలలేదు, దేవుడు కాపాడాడు. చెమటలు, దవడ నొప్పి, ఎడమ చెయ్యి బరువు. పాపక్క కేకలేసి ఆటోలో వేసుకొని ఆసుపత్రికి తీసుకుపోయింది. ఈసీజీలో తేడా ఉందన్నారు. గుండెపోటు ఇంకా రాలేదంట, వాకిట్లో నిలబడి తలుపు కొడుతోందంట. హర్షిత సెలవు పెట్టి వచ్చి బెంగళూరులో పెద్ద డాక్టరుకు చూపించింది. ఈ నెల 23న యాంజియోగ్రాం. అడ్డు కనిపిస్తే అప్పుడే స్టెంటు వేస్తారు.

ఆ డాక్టరు అడిగాడు: "వేరే జబ్బులేమైనా ఉన్నాయా? రోజూ వేసుకునే మందులున్నాయా?" పక్కన హర్షిత. లేవన్నాను. అంతటితో పోతే బాగుండు. బయటికి వచ్చాక నర్సు ఒక చీటీ ఇచ్చింది. యాంజియోగ్రాంకు ముందు రక్తపరీక్షలట, అందులో ఈ జబ్బుదీ ఉంది. చీటీ హర్షిత చేతిలోనే ఉంది. దానికి అది మామూలు పరీక్ష. ఫలితం కూడా దాని చేతికే వస్తుంది.

అందుకే నేను వెళ్లను. హర్షితకు ఇంకా చెప్పలేదు. 22న జ్వరమని పడుకుంటాను. ఇప్పుడిచ్చిన బిళ్లలతో మంట కాస్త తగ్గింది. ఎన్నాళ్లు ఉంటే అన్నాళ్లే. దాని ముందు మాత్రం తల వంచను. నాకేమన్నా అయితే దాన్ని చూసుకో, అందుకే రాస్తున్నాను.

ఆ మామిడి పండ్లు ఎవరికిచ్చారు?

మెర్లిన్


మదనపల్లె,
10 జూలై 2025

మెర్లినమ్మా,

మామిడి పండ్లు కుళ్లిపోయాయి. నేనూ తినలేదు, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం అందిన పూటే సెంటరుకు పోయి డాక్టరమ్మను అడిగాను. ఆమె చెప్పింది అట్లే రాస్తున్నాను, రెండుసార్లు చదువు. నీ పాత మందులు పనిచేయక తొమ్మిదేళ్ల కింద రెండో రకానికి మార్చారు కదా. అందులో ఒకటి మిగతా మందులతో తగవు పెట్టుకునే రకం. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల్లో ఒకటి దానితో కలిస్తే సరిగా పనిచేయకపోవచ్చు. ఇంకొకటి హద్దు మీరి రక్తం కారేటట్టు చేయవచ్చు. గుండె డాక్టరుకు ముందే తెలిస్తే సరిపడేది ఇస్తాడు. "చెప్పకపోతేనే ప్రమాదం, చెబితే ఏమీ లేదు" అని ఆయమ్మ మూడుసార్లు అంది. కావాలంటే గుండె డాక్టరుతో తానే మాట్లాడతానంది. నీ మందుల పేర్లు రాసిచ్చిన చీటీ ఇందులోనే పెట్టాను.

కాబట్టి 23న నువ్వు వెళ్లాలి. రక్తం తీయకముందే నోరు తెరిచి చెప్పాలి. ఇది నా ఆజ్ఞ అనుకో, బతిమాలడం అనుకో.

ఎవరికి భయపడుతున్నావు? ఎంతమంది నిన్ను చీదరించుకున్నారు చెప్పు? ఊహించుకొని చచ్చేకన్నా చెప్పి బతకడం మేలు కాదా? నాయన టీబీ వాళ్ల మధ్య కూర్చుని తినలేదా? ఆ నాయన బిడ్డవి, నీకింత పిరికితనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. నీకు జబ్బుందని తెలిసిన వాళ్లం మేమిద్దరమే. మేమేమైనా నిన్ను దూరం పెట్టామా?

తిరుగుటపాలో జవాబు రాయి.

అన్న


కుప్పం,
14 జూలై 2025

అన్నా,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడగకపోయి ఉంటే నాతోనే మట్టిలో కలిసిపోయేది.

2004 నవంబరు. హర్షిత నాయనను సమాధి చేసి, మూడేళ్ల బిడ్డతో మీ ఇంటికి వచ్చాను. నా పరీక్ష నువ్వే చేయించావు. ఫలితం వచ్చిన మర్నాడు మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. వదిన మీకు స్టీలు కంచాలు పెట్టింది. నాకు సత్తు కంచం, సత్తు గ్లాసు. కూర్చునేది వసారాలో. తిన్నాక కంచం నేనే కడిగి బోర్లించాలి, పెరట్లో బట్టలుతికే రాయి పక్కన. బిడ్డ "అమ్మ కాడ తింటా" అని ఏడిస్తే వదిన పట్టుకొని లోపలికి తీసుకుపోయింది.

నేను నీ వైపు చూశాను అన్నా. అప్పుడు నువ్వు ఊరూరా తిరిగి మీటింగుల్లో చెప్పేవాడివి, కలిసి తింటే ఈ జబ్బు అంటదని. బెంచీ ఎక్కి చెప్పేవాడివి. ఆ రోజు తల ఎత్తలేదు. "ప్రమీలా, చారు పొయ్యి" అన్నావు.

ఎనిమిది నెలలు ఆ సత్తు కంచంలోనే తిన్నాను. ఒక్కరోజు కూడా నువ్వేమీ అనలేదు. వదిన మీద నాకు కోపం లేదు, ఆమెకు తెలియదు. నీకు తెలుసు.

నాయన కొడుకే ఆ పని చేస్తే కుప్పం వాళ్లు ఏం చేస్తారు? హర్షిత ఏం చేస్తుంది? నేను భయపడింది ఊరికి కాదన్నా. అన్నీ తెలిసిన మనిషి కూడా తల దించుకుంటాడని మీ ఇంట్లోనే నేర్చుకున్నాను. మీ ఇంట్లో హర్షిత తిన్నదని నువ్వు రాసినప్పుడు ఆ వసారానే నాకు కనబడింది.

ఇప్పుడు చెప్పు, ఎవరు దూరం పెట్టారో.

మెర్లిన్


మదనపల్లె,
18 జూలై 2025

మెర్లినూ,

నీ ఉత్తరాలన్నీ నేను గట్టిగా చదివి మీ వదినకు వినిపిస్తాను. దీన్ని సగం చదివి ఆపాను. ఆమె తీసుకొని మిగతాది చదువుకుంది. తర్వాత ఒక్కటే అంది. "నేను భయపడితినయ్యా. మన బిడ్డలకంటుతాదేమో అని. నువ్వు తెలిసినోడివి. ఒక్క మాట చెప్పింటే వినేదాన్ని. నువ్వు చారు అడిగితివి."

నాకు జ్ఞాపకం లేదని రాద్దామనుకున్నాను. అబద్ధం. ఆ చారు రుచి కూడా జ్ఞాపకముంది. ఆ రోజు నాకు తెలియక ఊరుకోలేదు. ఇంట్లో గొడవ ఎందుకులే, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు ఎనిమిది నెలలైంది. ఆ తర్వాత నువ్వు కుప్పం వెళ్లి, హాస్టల్లో చేరి, మూడు నెలలకోసారి నవ్వుతూ వస్తుంటే, నువ్వు మరిచిపోయావనుకొని నేనూ మరిచిపోయాను. నీ సీసాల కాగితాల సంగతి చదివి నవ్వాను కూడా. నీకు పిరికితనం ఎక్కడినుంచి వచ్చిందని మొన్న నిన్నే అడిగాను. సిగ్గుగా ఉంది.

ఆ రోజు నేను అనాల్సిన మాట ఇది: "ప్రమీలా, నా చెల్లెలి కంచం నా పక్కన పెట్టు." ఇరవయ్యేళ్లు ఆలస్యంగా రాస్తున్నాను. ఈ మాట వల్ల నీకు ఇప్పుడు ఒరిగేదేమీ లేదని తెలుసు.

అందరూ నాలాగే ఉంటారనుకోవద్దు. నేను ఒక్కణ్ణి, నా తప్పు ఒక్కటి. దానికి హర్షితను శిక్షించకు. నీ గుండెను శిక్షించకు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పను, మాట ఇస్తున్నాను. కాని 23న నువ్వు పోకపోతే నిన్ను చంపింది నేనే అవుతాను. ఆ బరువు నాకు వద్దమ్మా. నిన్ను కాళ్లు పట్టుకొని అడుగుతున్నాను.

నీ అన్న,
శాలేము రాజు


కుప్పం,
3 ఆగస్టు 2025, ఆదివారం

అన్నా,

చేతికి సూది పెట్టిన చోట ఇంకా నల్లగా ఉంది, అందుకే రాత వంకర. చదువుకో.

నీ ఉత్తరం 21న, సోమవారం మధ్యాహ్నం అందింది. నాలుగుసార్లు చదివాను. క్షమించానా అంటే ఇప్పుడే చెప్పలేను. కాని బాగా ఏడ్చాను, తర్వాత ఆకలేసింది.

మర్నాడు హర్షిత నాకోసం బెంగళూరు నుంచి వచ్చింది. జ్వరమని పడుకోవాల్సిన రోజు అది. దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. నాది, వాళ్ల నాయనది, సీసాలది, పుంగనూరు బెంచీది. చివరికి, "అంతేనా?" అంది. అంతే అన్నాను. అప్పుడు ఏడ్చింది చూడు, పక్కింటి వాళ్లు వచ్చారు. "మూడేండ్లుగా నీకు క్యాన్సర్ అనుకుంటాండా మ్మా. నేను ఏడుస్తానని చెప్పకుండా ఉండావనుకున్యా. మామ కాడికి పోయి గేటు కాడ అడిగితే ఆయప్పా దాచె." నేను దాని నెత్తిన బరువు పడకూడదని దాస్తే, అది అంతకంటే పెద్ద బరువును ఒంటరిగా మోసింది. ఆ తర్వాత ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. జబ్బుందని కాదు, చెప్పలేదని. నీ మీద కూడా దానికి కోపముంది. అది నువ్వు చూసుకో. వాళ్ల నాయన ఫోటో తీయలేదు. "పాపం నాయన, ఎవురికీ చెప్పుకోకుండానే పోయె" అని దాన్ని చూస్తూ కూర్చుంది.

23న బెంగళూరు పోయాం. ఒక నాళంలో ముక్కాలు భాగం అడ్డు ఉందట. స్టెంటు వేశారు. మూడో రోజుకు ఇంటికి పంపారు. నెల రోజులు బరువెత్తకూడదు, హాస్టల్లో సెలవిచ్చారు. అక్కడ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని డాక్టరే అన్నాడు. కొలెస్ట్రాల్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను, రేకు టేబుల్ మీదే ఉంది.

వదినకు చెప్పు, నడవగలిగిన తర్వాత మీ ఇంటికి వస్తాను. వసారాలో కాదు.

ఇక అసలు సంగతి. రక్తం తీయకముందే డాక్టరు గదిలోకి పోయాను. హర్షిత చెయ్యి పట్టుకుంది. "సార్, పోయినసారి నేను అబద్ధం చెప్పినా. నాకు హెచ్‌ఐవీ ఉంది, పంతొమ్మిదేండ్లుగా మందులు తింటాండా" అన్నాను. ఆయన రాస్తున్నవాడు రాస్తూనే, "ఏ మందులు?" అన్నాడు. సీసా ముందు పెట్టాను. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూశాడు, తాను రాసినదానిలో ఒక మాత్ర కొట్టేసి ఇంకొకటి రాశాడు. "మంచి పని చేసినారు చెప్పి. యాంజియోగ్రాం అయ్యేదాకా ఏమీ తినొద్దు" అన్నాడు. అంతే. నర్సును పిలిచి, తర్వాతి పేషెంటును రమ్మన్నాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. ఇంకేదో అంటాడని కాచుకున్నాను. ఏమీ అనలేదు. బయటికి వచ్చి గోడ గడియారం చూసి లెక్కేసుకున్నాను అన్నా. ఆ మాట చెప్పడానికి, ఆయన వినడానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషానికి భయపడి నేను చచ్చిపోదామనుకున్నాను.

నీ చెల్లెలు,
మెర్లిన్